సంక్రాంతికి చంటిపిల్లలతో రెండు ఊళ్ళకు వెళ్ళి రావడం ఎలా?

కార్తీక మాసం వచ్చేసరికి హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకుంటున్న యువ దంపతుల నుంచి ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తుంది. పండుగకు ఆయన వాళ్ళ ఊరూ వెళ్ళాలి, ఆమె పుట్టింటికీ వెళ్ళాలి, చంకలో ఏడాదిన్నర పిల్ల ఉంది, సెలవులు చూస్తే నాలుగైదు రోజులకు మించి లేవు, ఎలా సర్దుకోవాలి? అందరూ టిక్కెట్ల గురించే అడుగుతారు గాని, టిక్కెట్లకన్నా ముందు తేల్చుకోవలసినది ఏ రోజు ఎవరింట్లో ఉండాలన్నది. అది తేలకుండానే దొరికిన రైలుకు టిక్కెట్టు కొని, ఆ టిక్కెట్టును బట్టి పండుగను కత్తిరించుకుంటే, అలకలు మాఘమాసం దాకా సాగుతాయి. అందుచేత కింద చెప్పిన వరుసను మార్చకండి: ముందు రోజులు, తరువాత పెద్దలతో మాట, ఆ తరువాతే ప్రయాణం.

కావలసినవి

ఇవన్నీ నవంబరు మొదటి వారానికల్లా చేతిలో ఉండాలి.

- రాబోయే ఏడాది పంచాంగం లేదా క్యాలెండరు. సంక్రాంతి తేదీ ఒక రోజు అటూ ఇటూ అవుతుంది. 2025లో భోగి జనవరి 13న వస్తే, 2026లో 14న వచ్చింది. కిందటేటి తేదీలను నమ్ముకోకండి.
- ఇద్దరి సెలవులూ మంజూరైనట్టు రాతపూర్వకమైన సమాచారం. మేనేజరు నోటిమాటగా సరేనన్నది లెక్కలోకి రాదు.
- భార్యాభర్తలిద్దరికీ వేర్వేరుగా ఐఆర్‌సీటీసీ ఖాతాలు, రెండూ ఆధార్‌తో ధ్రువీకరించినవి.
- పిల్లల టీకాల కార్డు, తాజా బరువు, పిల్లల డాక్టరు రాసి ఇచ్చిన జ్వరం మందు మోతాదు.
- కారులో వెళ్ళేవారికి పిల్లల సీటు, నిల్వ ఉన్న ఫాస్టాగ్.

1. రోజులు పంచుకోండి

ఒక కాగితం మీద భోగి, సంక్రాంతి, కనుమ, ముక్కనుమ అని నాలుగు గడులు గీసి, ఒక్కొక్క రోజున ఏ ఇంట్లో మీరు తప్పనిసరిగా ఉండవలసిన పని ఉందో రాయండి. చాలా కుటుంబాలలో ఈ పనులు ఇప్పటికే నిర్ణయమై ఉంటాయి. పెద్దలకు పెట్టుకునే ఆచారం ఉన్న ఇంట్లో కొడుకు సంక్రాంతి నాడు అక్కడ ఉండాలి. ఆ రోజును ఆ ఇంటికి వదిలేయండి, బేరాలు పెట్టకండి. భోగి సాయంత్రం పిల్లలకు భోగిపళ్ళు పోయడం అమ్మమ్మకు గాని నానమ్మకు గాని ఏడాదంతా ఎదురుచూసే సంబరం. దీనికి ఇల్లు మారవచ్చు, కాబట్టి సర్దుబాటుకు వీలైన రోజు ఇదే. కొత్తగా పెళ్ళయిన జంటకు మొదటి పండుగ అత్తవారింట్లో జరగాలని పట్టు ఉంటుంది గనుక, ఆ ఒక్క ఏడాదికి ఈ లెక్కంతా పక్కన పెట్టవచ్చు.

కనుమ నాడు ప్రయాణం పెట్టుకోకండి. కనుమ నాడు కాకైనా కదలదని పెద్దలు ఊరికే అనరు; ఆ రోజు బయలుదేరతామంటే మినపగారెలు తింటున్నంతసేపూ ఇంట్లో అదే చర్చ నడుస్తుంది. నమ్మకం మీకు ఉన్నా లేకపోయినా, ఒక రోజు ఆగితే పోయేది ఒక సెలవు; ఆగకపోతే పోయేది పండుగ మొత్తం.

ఇప్పుడు ఊళ్ళ మధ్య దూరం చూడండి. ఇక్కడ నా అభిప్రాయం కాస్త కఠినంగానే ఉంటుంది. మూడేళ్ళలోపు పిల్లలు ఉన్నప్పుడు ఒక పండుగలో మూడు ప్రయాణాలకు మించకూడదు: హైదరాబాదు నుంచి మొదటి ఊరు, అక్కడి నుంచి రెండో ఊరు, అక్కడి నుంచి ఇల్లు. మధ్య ప్రయాణం నాలుగు గంటలు దాటేటట్లయితే రెండో ఊరిని ఈ పండుగకు వదులుకోండి. తెనాలి, ఏలూరు అయితే రెండూ కుదురుతాయి. నిజామాబాదు, నెల్లూరు అయితే కుదరవు. కుదిరిందని చెప్పేవారి పిల్లలు పండుగ మూడు రోజులూ నిద్ర చాలక ఏడుస్తూనే ఉంటారు.

రెండు ఊళ్ళూ చెరో దిక్కున ఉన్నవారికి మంచి ప్రత్యామ్నాయం ఉంది. ఒకరిది తెలంగాణ, ఒకరిది కోస్తా అయిన జంటలు హైదరాబాదులో చాలామంది. అటువంటివారు దసరాను ఒక ఇంటికి, సంక్రాంతిని ఒక ఇంటికి కేటాయించుకోవచ్చు. తెలంగాణ ఇళ్ళలో ఆడపిల్ల పుట్టింటికి రావడానికి అసలైన పండుగ బతుకమ్మ. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు ఉంటుంది గనుక, అందులో ఏ నాలుగు రోజులు వెళ్ళినా వెళ్ళినట్టే. క్రిస్మస్ జరుపుకునే కుటుంబాలు డిసెంబరు 25ను ఒక ఇంట్లో, కొత్త సంవత్సరం ఆరాధనను మరో ఇంట్లో ఉంచుకోవచ్చు.

సాధారణంగా జరిగే పొరపాటు ఏమిటంటే, గంటలు లెక్కగట్టి రెండిళ్ళకూ సమానంగా పంచాలని చూడటం. పెద్దలు గంటలు లెక్కపెట్టరు. ఏ రోజు వచ్చారు, మనవరాలు మెలకువగా ఉన్నప్పుడు వచ్చారా నిద్రలో వచ్చి నిద్రలో వెళ్ళారా అన్నది చూస్తారు. ఒక ఇంట్లో రెండు రాత్రులైనా లేకపోతే దాన్ని వెళ్ళినట్టుగా లెక్కించకండి.

సరిచూసుకోవడం: మీ కాగితం మీద ఒక్కొక్క ఇంట్లో ఏ పనీ, ఏ చుట్టమూ లేని ఒక పూట ఖాళీగా కనిపించాలి. కనిపించకపోతే ఏదో ఒకటి కొట్టివేయండి.

2. రెండిళ్ళకూ ఒకే రోజు చెప్పండి

ఎవరి తల్లిదండ్రులకు వారే ఫోను చేయాలి. కోడలి నోట వచ్చిన మాటను అత్తగారు కోడలి నిర్ణయంగానే వింటారు, అల్లుడి నోట వచ్చిన మాట మామగారికి అంతకన్నా బరువుగా తగులుతుంది. ఒక ఇంటికి ఆదివారం చెప్పి మరో ఇంటికి బుధవారం చెబితే, మధ్యలో మేనత్త ద్వారానో బాబాయి ద్వారానో ఆ వార్త ముందే చేరిపోతుంది. ఆ తరువాత మీరు ఏమి చెప్పినా సంజాయిషీలా ఉంటుంది.

మాట ఇలా మొదలుపెట్టవచ్చు: "అమ్మా, ఈసారి భోగికి వాళ్ళింట్లో ఉండి, సంక్రాంతి పొద్దున్న పూజవేళకు మన ఇంటికి వచ్చేస్తాం, ముక్కనుమ దాకా ఉంటాం. వచ్చే ఏడు భోగి మన ఇంట్లో." ఇందులో మూడు విషయాలు ఉన్నాయి: ఎప్పుడు వస్తారు, ఎప్పటి దాకా ఉంటారు, వచ్చే ఏడు మార్పు ఏమిటి. మూడవది చెప్పకపోతే మొదటి రెండింటికీ ఒప్పుదల దొరకదు. "చూద్దాం", "వీలైతే వస్తాం" అనే మాటలు ఆ క్షణానికి సులువుగా ఉంటాయి గాని, పెద్దలు వాటిని "వస్తాం" అనే వింటారు. ఆ మాట నమ్మి అరిసెల పిండి కొట్టించి, పది మందికి చెప్పుకున్న తరువాత మీరు రాలేమంటే తప్పు మీదే అవుతుంది.

అభ్యంతరం వస్తే వెంటనే మార్చకండి, వాదించనూ వద్దు. రెండు రోజులు గడువు అడిగి, ఇద్దరూ మాట్లాడుకుని, అవసరమైతే ఒకే ఒక్క మార్పు చేయండి.

3. ప్రయాణం ఖాయం చేసుకోండి

రైలులో వెళ్ళేవారికి. 2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువు ప్రయాణ దినాన్ని మినహాయించి 60 రోజులు. జనవరి 12న బయలుదేరాలంటే నవంబరు 13న ఉదయం 8 గంటలకు, జనవరి 17న తిరిగి రావాలంటే నవంబరు 18న అదే వేళకు రిజర్వేషన్ తెరుచుకుంటుంది. ఈ రెండు తేదీలకూ ఫోనులో అలారం పెట్టుకోండి. వెళ్ళే టిక్కెట్టు దొరికిన సంతోషంలో తిరుగు టిక్కెట్టు మరచిపోయేవారే ఎక్కువ. పండుగ తరువాత హైదరాబాదు వచ్చే రైళ్ళు, పండుగ ముందు ఇక్కడి నుంచి వెళ్ళే రైళ్ళంత కిటకిటలాడతాయి. ప్రయాణికుల పేర్లు, వయసులు ముందు రోజే ఖాతాలో నింపి ఉంచుకుని, భార్యాభర్తలిద్దరూ రెండు ఫోన్లలో రెండు వేర్వేరు రైళ్ళకు ప్రయత్నించండి. రిజర్వేషన్ తెరుచుకున్న తొలి రోజున ఆధార్ ధ్రువీకరణ లేని ఖాతాలకు అవకాశం ఉండదు గనుక ఆ పని ముందే పూర్తికావాలి.

అయిదేళ్ళలోపు పిల్లలకు ప్రత్యేక బెర్తు అడగకపోతే టిక్కెట్టు అక్కరలేదు. అడిగితే పూర్తి ఛార్జీ కట్టాలి. అయిదు నిండి పన్నెండు లోపు ఉన్నవారికి బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ, వద్దంటే సగం. మూడేళ్ళ పిల్లను తల్లి బెర్తులోనే సర్దుకుందామనుకుంటారు గాని, రాత్రంతా ఆ ఇరుకులో ఎవరూ నిద్రపోరు. స్తోమత ఉంటే ఆ బెర్తు ఖర్చు పెట్టండి. ఈ ప్రయాణంలో విలువైన ఖర్చు అదే.

టిక్కెట్టు మీద స్టేషను పేరును రెండుసార్లు చదవండి. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ ప్రారంభమైన తరువాత, సికింద్రాబాదు స్టేషనులో నిర్మాణ పనుల దృష్ట్యా, కొన్ని రైళ్ళు అక్కడికి మారాయి. అలవాటుగా సికింద్రాబాదు వెళ్ళిపోయి, అక్కడి నుంచి చర్లపల్లికి పరుగెత్తే కుటుంబాలు ప్రతి పండుగకూ కనిపిస్తాయి. మియాపూరు, కూకట్‌పల్లి, చందానగర్ వైపు ఉండేవారు తమ రైలు లింగంపల్లిలోనో బేగంపేటలోనో ఆగుతుందేమో చూసి, ఎక్కే స్టేషనుగా దాన్నే ఎంచుకోవడం మంచిది. చర్లపల్లి నుంచే ఎక్కవలసి వస్తే, పండుగ రద్దీలో నగరాన్ని ఆ కొస నుంచి ఈ కొసకు దాటాలి కాబట్టి రెండున్నర గంటల ముందు ఇల్లు కదలండి.

టిక్కెట్టు దొరకకపోతే దక్షిణ మధ్య రైల్వే ప్రకటించే సంక్రాంతి ప్రత్యేక రైళ్ళ కోసం డిసెంబరులో కనిపెట్టుకుని ఉండండి. తత్కాల్ ప్రయాణానికి ముందు రోజు ఏసీ తరగతులకు 10 గంటలకు, మిగతా తరగతులకు 11 గంటలకు తెరుస్తారు. పిల్లలతో వెళ్ళేవారు దాని మీద పూర్తిగా ఆధారపడకూడదు. వెయిటింగ్ లిస్టుతో రిజర్వేషన్ బోగీ ఎక్కే ఆలోచన అసలే వద్దు, అందుకు నిబంధనలు ఒప్పుకోవు.

బస్సులో వెళ్ళేవారికి. తెలంగాణలోని ఊళ్ళకు బస్సు తరచుగా రైలుకన్నా మేలు. మహాలక్ష్మి పథకం కింద మహిళలకు ఉచిత ప్రయాణం పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులకే, అదీ రాష్ట్రం సరిహద్దు లోపలే వర్తిస్తుంది. విజయవాడ వెళ్ళే సూపర్ లగ్జరీలో ఆధార్ చూపించి లాభం లేదు. ఉచితం కదా అని చంటిపిల్లతో భోగి ముందు రోజు కిక్కిరిసిన ఎక్స్‌ప్రెస్ ఎక్కడంకన్నా, డబ్బు కట్టి సీటు రిజర్వు చేసుకోవడమే నయం. పిల్లలకు వాంతులయ్యే అలవాటు ఉంటే చివరి వరుసలను వదిలేసి, మధ్య వరుసలు తీసుకోండి.

కారులో వెళ్ళేవారికి. విజయవాడ రహదారి మీద, అంటే 65వ నంబరు జాతీయ రహదారి మీద, భోగికి ముందు రెండు మూడు రోజులు పంతంగి టోల్‌ప్లాజా దగ్గర కిలోమీటర్ల కొద్దీ వాహనాలు నిలుస్తాయి. దీనికి ఉపాయం ఒక్కటే: తెల్లవారుజామున నాలుగింటికల్లా ఎల్బీనగర్ దాటడం. ఆ వేళకు పిల్లలు నిద్రలోనే ఉంటారు, సూర్యాపేట చేరేసరికి లేచి ఇడ్లీ తింటారు. గుంటూరు, మాచర్ల వైపు వెళ్ళేవారు ఇబ్రహీంపట్నం మీదుగా నాగార్జునసాగర్ దారి పట్టవచ్చు. ఆ దారి కొంత ఇరుకైనదే గాని పంతంగి తప్పుతుంది. నార్కట్‌పల్లి నుంచి అద్దంకి వైపు తిరిగే దారి కూడా బాగుంటుంది, అయితే అక్కడికి చేరాలంటే పంతంగిని దాటవలసిందే. ఎటు వెళ్ళినా బయలుదేరే ముందు రోజు రాత్రి ఫాస్టాగ్‌లో నిల్వ చూడండి. నిల్వ లేకపోతే అదనపు రుసుము ఒక బాధ, వెనకవారి హారన్లు మరొక బాధ.

హెచ్చరిక: పిల్లను ముందు సీటులో ఒడిలో కూర్చోబెట్టుకుని ప్రయాణించకండి. అకస్మాత్తుగా బ్రేకు పడితే ఎంత బలమైన చేతులూ బిడ్డను ఆపలేవు, పైగా ఎయిర్‌బ్యాగు తెరుచుకుంటే అదే ప్రాణాపాయం. వెనక సీటులో పిల్లల సీటు బిగించి, రెండేళ్ళలోపువారిని వెనకవైపుకు ముఖం ఉండేటట్టు కూర్చోబెట్టాలి. మోటారు వాహనాల చట్టం 194బి సెక్షను ప్రకారం పద్నాలుగేళ్ళలోపు పిల్లలకు బెల్టు గాని పిల్లల సీటు గాని లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా ఉంది. సీటు సరిగా బిగిసిందో లేదో తెలుసుకోవడానికి, దాని అడుగుభాగాన్ని పట్టుకుని గట్టిగా ఊపండి. ఒక అంగుళంకన్నా ఎక్కువ కదిలితే మళ్ళీ బిగించాలి.

4. మందుల సంచి సర్దండి

బట్టల పెట్టె ఎలా సర్దాలో మీకు తెలుసు. ఒక్క మాట మాత్రం చెబుతాను, పిల్లలకు రెండు జతల బట్టలు, డైపర్లు, తడి గుడ్డలు మీ చేతి సంచిలో ఉండాలి, పెద్ద పెట్టెలో కాదు. జాగ్రత్త కావలసినది మందుల దగ్గర.

జ్వరం మందు సీసాను హైదరాబాదు నుంచే తీసుకువెళ్ళండి. పారాసెటమాల్ పిల్లల సిరప్‌లు ఒకే బలంలో రావు: 5 మిల్లీలీటర్లలో 120 లేదా 125 మిల్లీగ్రాములు ఉన్నవీ, 250 మిల్లీగ్రాములు ఉన్నవీ దొరుకుతాయి, చుక్కల మందులో అయితే ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములు ఉంటుంది. ఇంట్లో ఒక సీసాకు డాక్టరు చెప్పిన "అయిదు ఎంఎల్" అన్న కొలతను గుర్తుపెట్టుకుని, ఊళ్ళో కొన్న మరో సీసా నుంచి అంతే పోయడం చాలా తరచుగా జరిగే ప్రమాదకరమైన తప్పు. డాక్టరు చేత మోతాదును మిల్లీగ్రాములలోనూ, మీ సీసా ప్రకారం మిల్లీలీటర్లలోనూ రాయించుకుని, ఆ కాగితాన్ని సీసాకే రబ్బరుబ్యాండుతో కట్టండి. దగ్గు మందులు పెట్టెలో పెట్టవద్దు. రెండేళ్ళలోపు పిల్లలకు వాటిని ఇవ్వకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ మరోసారి హెచ్చరించింది. ఊళ్ళో బీరువాలో కిందటేటి సీసా ఉందని ఎవరైనా తెచ్చినా, మర్యాదగా పక్కన పెట్టండి.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు నాలుగు పెట్టుకోండి. ప్యాకెట్టు మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని రాసి ఉండాలి. తీయటి పానీయాలు ఆ పేరు పెట్టుకుని అమ్ముడుపోకుండా 2025లో ఆహార భద్రతా సంస్థ ఆదేశాలు ఇచ్చినా, అట్టపెట్టె పానీయాన్నే ఓఆర్‌ఎస్ అనుకునే అలవాటు ఇంకా పోలేదు. పెద్ద ప్యాకెట్టు మొత్తాన్ని ఒకేసారి లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలపాలి. గ్లాసుకు ఇంత అని చెంచాతో విడదీసి కలపకూడదు. కలిపినది ఒక్క రోజులో వాడి, మిగిలితే పారబోయాలి.

టీకా కార్డు ఒకసారి తిరగేయండి. పండుగ వారంలో టీకా పడేటట్లయితే, ముందే వేయించాలో వచ్చాక వేయించాలో డాక్టరును అడిగి నిర్ణయించుకోండి. ప్రయాణం ముందు రోజు మాత్రం వద్దు, జ్వరం రైలులో వస్తుంది.

5. హైదరాబాదు ఇల్లు

ఇది అరగంట పని. గ్యాస్ రెగ్యులేటరు, గీజరు, నీళ్ళ మోటారు కట్టివేయండి. పాలు, పేపరు ఆపించండి. నగలు లాకరులో పెట్టండి. ఊరు వెళ్తున్నట్టు మీ పోలీసు స్టేషనులో చెప్పండి, పండుగకు పోలీసులే అలా కోరతారు. ఎక్కడికి, ఎన్ని రోజులు అన్నది తిరిగి వచ్చేదాకా ఫోటోలతో సహా ఎక్కడా పెట్టకండి.

6. ఊరి ఇంటిని పిల్లలకు అనువుగా మార్చండి

చేరిన అరగంటలో, కాళ్ళు కడుక్కుని కాఫీ తాగుతూనే, తల్లిదండ్రులలో ఒకరు ఇల్లంతా ఒక చుట్టు తిరగాలి. తాతయ్యగారి బీపీ, షుగరు మాత్రలు మంచం పక్కన స్టూలు మీద ఉంటాయి. వాటిని బీరువా పైకి మార్చండి. మందు వేళలు మారకుండా ఎక్కడ పెట్టారో ఆయనకు చూపించండి. వ్యవసాయం ఉన్న ఇంట్లో పురుగుమందు డబ్బాలు, శీతల పానీయం సీసాలలో పోసి ఉంచిన ఫినాయిలు, యాసిడ్ వెతకండి. బావికి మూత ఉందా, వెనక గుమ్మం దాటితే కాలువ ఉందా చూడండి. నీటి దగ్గర పిల్లను ఎవరు కనిపెట్టాలో పేరు పెట్టి చెప్పాలి. ఇంటినిండా చుట్టాలు ఉన్నప్పుడు అందరూ చూస్తున్నారనుకుంటే ఎవరూ చూడటం లేదన్నమాట.

భోగిమంట. చంటిపిల్లకు పొగ పడదు. పొగ మీ వైపు రాని చోట, దూరంగా నిలబడి చూపించి లోపలికి తీసుకువెళ్ళండి. మెరిసే నైలాను గౌనులు, వేలాడే చున్నీలు ఆ పూటకు వద్దు, నూలు బట్టలు చాలు. టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు మంటలో వేయబోతే ఆపండి. పిడకల దండలు, ఎండు దుంగలే ఆ మంటకు తగినవి. తలంటు పోసేటప్పుడు కాగునీళ్ళను ముందు మీ మోచేతి మీద పోసుకుని చూడండి, బిడ్డ ముక్కులోనూ చెవులలోనూ నూనె చుక్కలు వేయనివ్వకండి. ఇది నానమ్మగారి తరం అలవాటు. "డాక్టరు వద్దన్నారు అత్తయ్యా" అన్న ఒక్క మాటతో సరిపోతుంది, అంతకుమించి వివరణ అక్కరలేదు.

భోగిపళ్ళు. రేగిపళ్ళు, చెరుకు ముక్కలు, నానబెట్టిన శనగలు, చిల్లర నాణేలు, పూలరెక్కలు కలిపి తల మీద నుంచి పోస్తారు. ఇందులో పూలరెక్కలు తప్ప మిగిలినవన్నీ పసిపిల్లల గొంతుకు అడ్డుపడగలిగినవే. అయిదుగురు ముత్తైదువులు పోసినా ఇబ్బంది లేదు, మోతాదు తగ్గించి పూలు ఎక్కువ కలపమని చెప్పండి. పిల్లను ఒడిలో కూర్చోబెట్టుకుని రెండు చేతులూ పట్టుకోండి. వేడుక ముగియగానే ఆమెను మరో గదికి పంపి, నేలంతా ఊడ్చి, ఆ తరువాతే దించండి. సోఫా కింద, చాప మడతలలో ఒకసారి చేతితో తడమండి, దొర్లిపోయిన శనగలు దొరికేది అక్కడే. నాణేలను ముందు లెక్కపెట్టి కలిపితే, ఏరిన తరువాత లెక్క సరిపోయిందో లేదో తెలుస్తుంది.

గొంతుకు అడ్డుపడినప్పుడు ఏమి చేయాలో ఇద్దరూ ముందే నేర్చుకుని వెళ్ళాలి. ఏడాదిలోపు బిడ్డ దగ్గలేక, ఏడవలేక ఉంటే, ముంజేతి మీద బోర్లా తల కిందికి ఉండేటట్టు పడుకోబెట్టి భుజాల మధ్య అరచేతి మడమతో అయిదు దెబ్బలు, వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్య రెండు వేళ్ళతో అయిదు నొక్కులు, మార్చి మార్చి ఇవ్వాలి. ఈలోగా మరొకరు 108కి ఫోను చేయాలి. కనిపించని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి గెలకకూడదు, అది ఇంకా లోపలికి పోతుంది.

తిండి. ఆరు నెలలలోపు బిడ్డకు తల్లిపాలు తప్ప పరమాన్నం నాకించడం కూడా వద్దు. ఏడాది నిండనిదే తేనె ఇవ్వకూడదు. నాలుగైదేళ్ళ దాకా పల్లీలు, గట్టి జంతికలు, సకినాలు ముక్కలుగా ఇవ్వకండి. అరిసెను, బొబ్బట్టును చిన్నగా తుంచి పెట్టవచ్చు. అతిథులు వచ్చినప్పుడల్లా పిల్ల చేతిలో ఒక మిఠాయి పెడతారు, భోజనం వేళకు ఆమె తినదు, తినలేదని అందరూ దిగులుపడతారు. మిఠాయిలు భోజనం తరువాతే అన్న నియమాన్ని పిల్లకు కాదు, తాతయ్యకు చెప్పాలి.

గాలిపటాలు. నైలాను చైనా మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నిషేధించింది, అయినా అది దొరుకుతూనే ఉంది. పండుగ వారంలో, ముఖ్యంగా హైదరాబాదు రోడ్ల మీద, స్కూటరు ముందు భాగంలో పిల్లను నిలబెట్టుకుని వెళ్ళకండి. తెగి వేలాడే దారం ఆమె మెడ ఎత్తులోనే వస్తుంది. పిట్టగోడ లేని మేడ మీద గాలిపటం ఎగరవేయడం అంతకన్నా ప్రమాదం.

నిద్ర. పండుగ ఎలా జరుగుతోందో తెలుసుకోవడానికి ఇదే కొలబద్ద. మధ్యాహ్నం నిద్రవేళ ఏ ఇంట్లో ఉన్నా మారకూడదు. ఆ రెండు గంటలూ ఒక గది తలుపు మూసి ఉంటుందని వెళ్ళిన రోజే చెప్పండి. కొత్త ముఖాలను చూసి పిల్ల ఏడిస్తే బలవంతంగా చేతులు మార్చకండి. అమ్మ ఒడిలో కూర్చుని పది నిమిషాలు చూస్తే తానే వెళుతుంది.

సరిచూసుకోవడం: మామూలుగా ఎన్ని డైపర్లు తడుస్తాయో అన్నీ తడుస్తున్నాయా, ఆడుకుంటోందా అన్నవి రోజూ రాత్రి చూడండి. ఆరేడు గంటలు మూత్రం రాకపోయినా, పాలు, నీళ్ళు తీసుకోకుండా మగతగా ఉన్నా డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళాలి. మూడు నెలలలోపు బిడ్డకు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ చేరిందంటే పండుగ అయినా సరే, అర్ధరాత్రి అయినా సరే, ఇంటి వైద్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. దగ్గరి ఆసుపత్రిలో పిల్లల డాక్టరు పండుగ రోజులలో ఉంటారో లేదో వెళ్ళే ముందే మామగారి చేత కనుక్కోండి.

7. వెళ్ళలేకపోతే, పెద్దలనే పిలిపించండి

ఆరు నెలలలోపు బిడ్డ ఉన్నా, సెలవులు రెండు రోజులకు మించి దొరకకపోయినా, నేను ఇదే సూచిస్తాను. భోగికి ముందు జనమంతా హైదరాబాదు నుంచి బయటకు పోతారు గనుక, ఊరి నుంచి ఇటు వచ్చే రైళ్ళలో సీట్లు దొరుకుతాయి. పండుగ అయ్యాక అందరూ ఇటు వస్తూ ఉండగా పెద్దలు అటు తిరిగి వెళ్ళవచ్చు. వారికి కింది బెర్తు అడగడం మరచిపోకండి. రెండువైపుల పెద్దలనూ ఒకేసారి రెండు గదుల ఫ్లాటులోకి పిలవడం మాత్రం వద్దు, ఒకరి తరువాత ఒకరిని పిలవండి.

నగరంలో చూపించడానికి కావలసినంత ఉంది. మాదాపూరు శిల్పారామంలో గంగిరెద్దులు, హరిదాసులు వస్తారు. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో నుమాయిష్ సాధారణంగా జనవరి 1న మొదలై ఫిబ్రవరి మధ్య దాకా సాగుతుంది; పెద్దలనూ పిల్లలనూ వారం మధ్యలో, తెరవగానే తీసుకువెళ్ళి, రద్దీ పెరిగే వేళకు బయటపడండి. అక్కడ పార్కింగ్ వెతుక్కోవడంకన్నా గాంధీభవన్ స్టేషను దాకా మెట్రోలో వెళ్ళడం సుఖం. పిల్ల జేబులో మీ ఫోను నంబరు రాసిన కాగితం ఉంచండి.

8. తిరిగి రావడం

ఉద్యోగంలో చేరవలసిన రోజు ఉదయానికి దిగే రైలు ఎక్కకండి. ఒక రోజు ముందే వచ్చి, ఇల్లు తుడుచుకుని, పాలు తోడుపెట్టుకునే వ్యవధి ఉండాలి. పిల్ల రెండు మూడు రోజులు నానమ్మ కావాలని, అమ్మమ్మ కావాలని ఏడవడం, రాత్రి లేవడం మామూలే. రోజూ ఒకే వేళకు ఫోనులో చూపిస్తే సర్దుకుంటుంది. వారం దాటినా తిండి, నిద్ర గాడిన పడకపోతే, లేక జ్వరం, విరేచనాలు ఉంటే, ప్రయాణ బడలిక అనుకుని ఆగకుండా డాక్టరుకు చూపించండి.

వచ్చిన వారంలోనే, మొదట గీసిన నాలుగు గడుల కాగితాన్ని మళ్ళీ తీసి, ఈ ఏడాది భోగి ఎవరింట్లో, సంక్రాంతి ఎవరింట్లో, ఏ ప్రయాణం పిల్లకు భారమైంది అన్నది దాని మీదే రాసి, ఫోటో తీసి ఇద్దరి ఫోన్లలోనూ ఉంచండి. నవంబరు వచ్చేసరికి కిందటేడు భోగి ఎక్కడ జరిగిందో ఇద్దరికీ రెండు రకాలుగా గుర్తుంటుంది.